వల దించని సాయంత్రం

కురొసె
డిసెంబరు 11, 1983

చిజురక్కా,

ఈ ఉత్తరం నీ గదిలో, నీ పరుపు మీద కూర్చుని రాస్తున్నాను. కోపం తెచ్చుకోకు, గది నేనడిగి తీసుకోలేదు. కొండమీది గోల్ఫ్ మైదానం మోకాలి లోతు మంచుతో మూతపడింది. దాంతోపాటు శిక్షణలో ఉన్న మాలాంటివాళ్ళ వసతి గదులూ మార్చి దాకా మూసేశారు. మీ నాన్న, బాబాయిగారు, ఆ సంగతి విని, "ఎక్కడికి పోతావే పిల్లా, మా గోల్ఫ్ ప్రాక్టీసు రేంజికి వచ్చెయ్. పొద్దున మంచు తొక్కు, బంతులేరు. మధ్యాహ్నం నుంచి చేతులు పడిపోయేదాకా కొట్టుకో" అన్నారు. నేను సరేననే లోపలే మీ అమ్మ, పిన్నిగారు, నా సంచీ లాక్కుని మేడెక్కేశారు. నీ పాత గోల్ఫ్ కర్రలు అలమార పక్కనే ఉన్నాయి. ముట్టుకోలేదులే.

బంతులు కొట్టడానికి వరసగా పన్నెండు గళ్ళూ, గడికో కిరసనాయిలు హీటరూ, ఎదురుగా మంచు మైదానం, దాని చుట్టూ ఆకాశానికి లేచిన ఇనుప స్తంభాలూ, వాటికి వేలాడే వలా! నువ్వు పెరిగిన చోటు గురించి నీకు నేనేం చెప్పను? చలి గురించి మాత్రం చెప్పుకుని ఏడవాలి. కాళ్ళకింద రబ్బరు చాప రాయిలా బిగుసుకుపోయింది. బంతి సరిగ్గా తగలకపోతే ఆ దెబ్బ కర్రలోంచి మోచేతి దాకా జివ్వుమని పాకుతుంది. తెల్ల బంతులు కనపడవని ఎర్రవి కొడుతున్నాం. పొద్దున్నే నేనూ బాబాయిగారూ వెడల్పాటి అల్లిక చెప్పులు కట్టుకుని మైదానమంతా తొక్కుతాం. తొక్కకపోతే బంతులు మంచులో కూరుకుపోయి వసంతం దాకా దొరకవు.

ఇంత చేస్తున్నా నా బంతి కుడికే పోతోంది. ఎంత తిన్నగా కొట్టాలనుకుంటే అంత కుడికి. మార్చి ఇరవయ్యారున ప్రొఫెషనల్ పరీక్ష. ఇది మూడోసారి. మైదానం మేనేజరు మొహమాటం లేకుండా చెప్పేశాడు: "ఈసారి ప్రొఫెషనల్‌వి కాకపోతే టోపీ తిరిగిచ్చేసి వెళ్ళిపో. ఇరవయ్యారేళ్ళ దాన్ని ఇంకా శిక్షణ పిల్ల అని పిలవడానికి నాకే సిగ్గుగా ఉంది." పదహారో ఏట నుంచి ఈ ఒక్క పనే నేర్చుకున్నాను అక్కా. ఇది పోతే నేనెవరో నాకే తెలియదు.

మీ నాన్నగారి తమాషా ఒకటి చెప్తాను. ఆకాశం మబ్బేస్తే చాలు, బయటికెళ్ళి పిడికెడు మంచు పట్టి పిండుతారు. నీళ్ళు కారితే తడిమంచు. ఇక ఎవరు కొడుతున్నా, ఎవరు మొత్తుకుంటున్నా సరే, చక్రం తిప్పి వలంతా కిందికి దించేస్తారు. తడిమంచు వలకి అంటుకుంటే ఆ బరువుకి స్తంభాలే కూలతాయట. నిన్న డాక్టరుగారు కర్ర ఎత్తి ఉండగానే దించేశారు. "ఇగరాషీ, ఇంకొక్క బుట్టయ్యా!" అని ఆయన బతిమాలితే, "బుట్ట మీది, వల నాది" అన్నారు బాబాయిగారు. ఇరవై ఏళ్ళలో ఒక్కసారి కూడా ఆయన ఏమరలేదని పిన్నిగారు ఊరంతా గొప్పలు పోతుంటారు.

నీ నడుము నొప్పి ఎలా ఉంది? నా బంతికి మందు చెప్పు.

హిసాయె


సకాయి
డిసెంబరు 20

హిసాయె,

గది వాడుకో. కర్రలు కూడా వాడుకో. నాకిప్పుడు నడుము వంచి చీపురు పట్టుకోవడమే గొప్ప. మా ఆయన సైకిళ్ళ కార్ఖానా నుంచి వచ్చి గిన్నెలు కడుగుతుంటే, వీధిలో ఆడవాళ్ళంతా నన్ను మహారాణి అంటున్నారు. అననీ.

నీ జబ్బు నాకు తెలుసు. చలికి బంతి గట్టిపడి వందగజాలది ఎనభై గజాలే పోతుంది. అది చూసి నీకు ఉక్రోషం. ఇంకాస్త బలంగా బాదుతావు. బాదేటప్పుడు మూడు స్వెట్టర్ల మధ్య నీ భుజం తిరగదు, నడుము మాత్రం ముందే తిరిగిపోతుంది. ఇక బంతి కుడికి పోక ఎటు పోతుంది? దూరం చూడకు. ఒక స్వెట్టరు తీసెయ్. బుట్టలో సగం బంతులే కొట్టు, మిగతా సగం వేరేవాళ్ళు కొడుతుంటే చూడు. కొట్టిందానికంటే చూసిందే ఎక్కువ నేర్పుతుంది. ఇది ఓడిపోయినవాళ్ళు మాత్రమే చెప్పగల మాట.

వల గురించి రాశావు చూడు, అది చదివి నవ్వాను, తర్వాత ఒళ్ళు మండింది. నాన్నకి కూతురికంటే వలే ఎక్కువ. నా మూడో పరీక్షకి వారం ముందు, ఫిబ్రవరిలో, ఆరేళ్ళ కింద. అప్పుడే చేతికొచ్చింది హిసాయె. నీకు తెలుసుగా, బంతి తగిలినట్టే తెలియకుండా వెళ్ళిపోవడం? అది. "ఒక్క గంట ఆగు నాన్నా" అన్నాను. ఆయన పిడికిలి పిండి చూపించి దించేశాడు. తెల్లారేదాకా చూశాను, మంచు పడనే లేదు. ఆ చేతికొచ్చింది మళ్ళీ రాలేదు. రెండు దెబ్బల తేడాతో పరీక్ష పోయింది.

వల వల్లే పోయిందని నేననను. అంత పిచ్చిదాన్ని కాదు. కానీ ఆ గంట ఇచ్చుంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ గిన్నెలు తోమేటప్పుడు అనుకుంటాను. అందుకే పెళ్ళయ్యాక ఇంటికి రెండుసార్లే వచ్చాను. ఈ మాట నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. నాన్నతో మాత్రం అనకు. పైకి మొండివాడే కానీ, వింటే లోపల కుమిలిపోతాడు.

నువ్వు నెగ్గు. మన ఇద్దరి తరఫునా నెగ్గు.

చిజురు


కురొసె
జనవరి 18, 1984

చిజురు అక్కగారికి,

టెలిగ్రాం అందగానే మీరు బయల్దేరారని తెలిసింది. మంచుకి రైళ్ళు ఆగిపోయి మీరు కనజావా నుంచే వెనక్కి వెళ్ళారని పిన్నిగారు చెప్పారు. నిన్న అంత్యక్రియలు జరిగాయి. మీరు రాలేకపోయినందుకు ఎవరూ తప్పు పట్టలేదు. జరిగింది మీకు రాయమని పిన్నిగారు చెప్పారు. ఆవిడ రాసే స్థితిలో లేరు.

పద్నాలుగో తారీకు శనివారం పిన్నిగారు వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళారు. బస్సులు ఆగిపోయి ఆ పూట అక్కడే ఉండిపోయారు. మధ్యాహ్నం నుంచి తడిమంచు పడింది. నేను నాలుగింటికే ఆపేసి ఇంట్లోకి వచ్చేశాను. వల దించారో లేదో నేను గమనించలేదు. పొద్దున ఆరింటికి ఇల్లు అదిరేంత చప్పుడైంది. బయటికి పరుగెత్తి చూస్తే ఎడమవైపు స్తంభాలు నాలుగూ లోపలికి ఒరిగిపోయి ఉన్నాయి. మూలది మాత్రం అడ్డంగా తిరిగి, దారి దాటి హోషినో వాళ్ళ మిసో కొట్టు మీద పడింది. లోపల సోయా ముద్ద పులియబెట్టిన పీపాలు చూసుకుంటున్న వాళ్ళ బామ్మగారి తుంటి ఎముక విరిగింది. ప్రాణానికి భయం లేదన్నారు.

బాబాయిగారు చక్రం దగ్గర, ఒరిగిన స్తంభం కింద పడి ఉన్నారు. పక్కన కెటిల్ ఉంది. బిగుసుకుపోయిన కప్పీల మీద వేణ్ణీళ్ళు పోస్తూ ఉన్నారని పోలీసాయన అన్నాడు. బాధపడే వ్యవధి కూడా ఉండి ఉండదని డాక్టరుగారు చెప్పారు.

రాత్రికి వల దించడం మర్చిపోయి, తెల్లవారాక గుర్తొచ్చి పరుగెత్తి ఉంటారని అందరూ అనుకుంటున్నారు. డెబ్బై ఒకటో ఏడు కదా అంటున్నారు.

మీరు మనసు దిటవు చేసుకోవాలి. నలభై తొమ్మిదో రోజు దినానికల్లా రైళ్ళు నడుస్తాయి.

హిసాయె


సకాయి
ఫిబ్రవరి 1

హిసాయె,

నేను అక్కగారినీ, మీరూ ఎప్పుడయ్యానే? చావు ఇంట్లో ఉన్నావు కాబట్టి ఊరుకుంటున్నాను. ఇంకోసారి అలా రాస్తే ఉత్తరం చింపేస్తాను.

ఏడవాలని కూర్చుంటాను, ఏడుపు రాదు, కోపం వస్తుంది. ఇరవై ఏళ్ళు మా నెత్తిన వల, వల, వల అని రుద్దాడు. నా పెళ్ళిచూపుల రోజు కూడా మధ్యలో లేచివెళ్ళి వల దించి వచ్చాడు తెలుసా? పెళ్ళికొడుకు వాళ్ళు ముఖముఖాలు చూసుకున్నారు. కూతురడిగితే గంట ఆగనివాడు, ఆఖరికి ఉత్తి పుణ్యానికి మర్చిపోయాడు! మర్చిపోయి తను చచ్చిందే కాకుండా పక్కింటి ముసలావిణ్ణి మంచాన పడేశాడు. మర్చిపోవడానికేనా నన్ను అంత ఏడిపించింది?

అమ్మకి ఫోన్ చేస్తే మాట్లాడదు. "నేను ఇంట్లో ఉంటే గుర్తుచేసేదాన్ని" అని ఒక్కటే మాట. మా అత్తగారు పరామర్శకొచ్చి, "మతిమరుపు వంశంలో ఉందా?" అని మెల్లగా అడిగింది. తల కొట్టేసినట్టయింది.

నువ్వు అమ్మ దగ్గర ఉన్నావు, అదొక్కటే ధైర్యం. ప్రాక్టీసు ఆపకు. ఆ పరీక్ష నువ్వు నెగ్గితే, నాన్న ఆఖరి చలికాలంలో పనికొచ్చింది ఒక్కటైనా మిగులుతుంది.

చిజురు


కురొసె
ఫిబ్రవరి 12

చిజురక్కా,

నీ ఉత్తరానికి ఆలస్యంగా జవాబిస్తున్నాను. వేళ్ళు పగిలి కలం పట్టుకోవడం కష్టంగా ఉంది.

కుడివైపు వల ఇంకా నిలిచే ఉంది. ఎడమవైపు ఇనుము కోసి తీసుకెళ్ళారు. ఒకటో నంబరు గడిలో నిలబడి కుడివైపుకే చిన్న కర్రలతో కొడుతున్నాను. ఆపేస్తానని పిన్నిగారితో అన్నాను. "ఆపితే ఆయన ఊరుకోరు" అని ఆవిడే హీటరులో నూనె పోసి వెళ్తారు. మంచు ఆవిడే తొక్కుతున్నారు. వద్దంటే వినరు. చలి ఎంతుందంటే, కొట్టిన చప్పుడు కూడా పగిలినట్టు వస్తోంది.

బంతి తిన్నగా పోతోంది. నువ్వు అడుగుతావని రాస్తున్నాను.

పిన్నిగారు ప్రతి ఆదివారం హోషినో వాళ్ళింటికి వెళ్తారు. గుమ్మంలో మంచు మీదే మోకాళ్ళూని వంగి, తల నేలకానిస్తారు. హోషినో గారు, "లేవండమ్మా, వయసు మీదపడితే ఎవరికైనా మతి తప్పుతుంది" అంటారు. ఆ మాట అన్న ప్రతిసారీ ఆవిడ ఇంకా కిందికి వంగుతారు. నేను వెనక నిలబడతాను.

ఇంకేం రాయాలో తోచడం లేదు. ఒంట్లో బాగానే ఉంది.

హిసాయె


సకాయి
ఫిబ్రవరి 24

హిసాయె,

నిన్న అమ్మే ఫోన్ చేసింది. గంటసేపు మాట్లాడింది. నువ్వు నాకెందుకు రాయలేదు?

నాన్నలో మతిమరుపు ఎప్పట్నుంచి చూశావని అమ్మ నిన్ను అడిగిందట. నువ్వు కాసేపు నీళ్ళు నమిలి, డిసెంబరులోనే ఒకసారి హీటరు ఆర్పకుండా తాళం వేశారనీ, నిన్ను రెండుసార్లు చిజురూ అని పిలిచారనీ చెప్పావట. అమ్మ బాధపడుతుందని దాచావా? నాకైనా చెప్పొద్దా?

అమ్మ ఇప్పుడు ఏం చేస్తోందో తెలుసా? నలభై ఏళ్ళ కాపురం తవ్వుకుంటోంది. మొన్న శరదృతువులో పెర్సిమన్ పండ్లు ఎండబెట్టినప్పుడు ఆయన నిచ్చెన బయటే వదిలేశారట, అప్పుడే కనిపెట్టాల్సిందట. కొత్త సంవత్సరం సూపులో ఉప్పు రెండుసార్లు వేశారట. "పక్కలో పడుకున్న మనిషికి మతి పోతుంటే కనిపెట్టలేని పెళ్ళాం ఎందుకు?" అంటోంది. మతి తప్పినవాణ్ణి ఒంటరిగా వదిలి చెల్లెలింటికి పోయి మొగుణ్ణి చంపుకున్నాను అంటోంది. అన్నం తగ్గించేసిందని గొంతు వింటేనే తెలుస్తోంది. రేంజి భూమి అమ్మేసి హోషినో వాళ్ళకిచ్చి, ఏదైనా గుడిలో ఊడ్చుకుంటూ బతుకుతానంటోంది.

నేనూ ఇక్కడ అందరితో నాన్నకి మతి పోయిందనే చెప్పేశాను. మా అత్తగారితో కూడా. చెప్పాక కొంచెం కోపం తగ్గింది. మతిలేనివాడి మీద ఏం కోపం? అలాగైనా క్షమిద్దామని చూస్తున్నాను.

నువ్వు చూసినవి ఇంకేమైనా ఉంటే వరసగా, తారీకులతో రాయి. నలభై తొమ్మిదో రోజుకి వచ్చేటప్పుడు డాక్టరుకి చూపించి, "ముందే కనిపెట్టినా ఏం చేయలేకపోయేవాళ్ళం" అని ఆయనతో అమ్మకి చెప్పిస్తాను. లేకపోతే అమ్మ దక్కేట్టు లేదు.

చిజురు


కురొసె
ఫిబ్రవరి 28

అక్కా,

నీకు తారీకులు రాయలేను. ఒక్క తారీకే ఉంది.

హీటరు సంగతి అబద్ధం. చిజురూ అని పిలవడం అబద్ధం. పిన్నిగారు నా చేతులు పట్టుకుని, "రోజంతా ఆయన పక్కనే ఉన్నావు, నిజం చెప్పు తల్లీ, ఎప్పట్నుంచి?" అంటే నా నోటికి వచ్చిన మొదటి రెండు ముక్కలవి. బాబాయిగారు దేన్నీ మర్చిపోలేదు. ఊళ్ళో అందరికంటే ఆయన బుర్రే బాగా పనిచేసేది.

నేను నాలుగింటికి ఇంట్లోకి రాలేదు. ఆరుదాకా కొట్టాను.

ఆ రోజు మధ్యాహ్నం స్వెట్టరు తీసేశాను, నువ్వు చెప్పినట్టే. మూడున్నరకి బంతి తిన్నబడింది. అక్కా, తగిలినట్టే తెలియలేదు. పన్నెండు బంతులు వరసగా ఒకే చోట వలకి తగిలాయి. నాలుగింటికి బాబాయిగారు బయటికెళ్ళి మంచు పిండారు. నీళ్ళు ధారగా కారాయి. చక్రం మీద చెయ్యి వేశారు.

"ఒక్క గంట బాబాయిగారూ, ఇప్పుడే చేతికొచ్చింది" అన్నాను.

"వద్దమ్మా, ఇది చెడ్డ మంచు. రేపు ఎత్తాక కొట్టుకుందువులే" అన్నారు.

రేపటికి ఉండదని నాకు తెలుసు. నువ్వే రాశావు, మళ్ళీ రాలేదని. నాకు ఒళ్ళు తెలియలేదు. "అక్కక్కూడా ఇలాగే ఒక్క గంట ఇవ్వలేదటగా. దాని పరీక్ష ఆ గంటలోనే పోయిందట. అందుకే ఇంటికి రావడం మానేసిందట" అన్నాను.

నోరు జారి అనలేదు. అంటే ఆగుతారని తెలిసే అన్నాను.

ఆయన చక్రం మీది చెయ్యి తీసేశారు. "అది అలా అందా?" అన్నారు. అంతే. తర్వాత నా హీటరులో నూనె పోశారు. స్టూలు తెచ్చుకుని నా వెనక కూర్చున్నారు. ప్రతి బంతీ ఆయనే వంగి రబ్బరు మేకు మీద పెట్టారు. రెండు గంటలు, నూటయాభై బంతులు. మధ్యలో ఒకసారి, "ఈ చెయ్యి నిలుపుకో" అన్నారు.

ఆరింటికి దించబోతే కప్పీలు గడ్డకట్టి ఉన్నాయి. నాలుగింటికి తడిగా ఉన్న తాళ్ళు అప్పటికి ఇనుప కడ్డీలయ్యాయి. ఇద్దరం చక్రానికి వేలాడినా కదల్లేదు. "తెల్లవారి వేణ్ణీళ్ళు పోస్తే వదులుతుందిలే. నువ్వు తిని పడుకో, రేపు కూడా ఇలాగే కొట్టాలి" అన్నారు. నేను తిని పడుకున్నాను. బంతి వచ్చిందన్న సంతోషంలో హాయిగా నిద్రపోయాను.

పోలీసాయన అడిగినప్పుడు భయంతో నాలుగింటికి వచ్చేశానన్నాను. తర్వాత అదే నిజంలా చెప్తూ పోయాను. పరీక్ష అయ్యాక చెప్దామనుకున్నాను. అది కూడా అబద్ధమేనేమో, నెగ్గితే చెప్పేదాన్ని కాదేమో. నా మీద నాకే నమ్మకం లేదు.

క్షమించమని అడగడం లేదు. మీ నాన్నగారికి మతి పోలేదు. అది నీకు తెలియాలి.

హిసాయె


సకాయి
మార్చి 3

హిసాయె,

నేను అనొద్దన్న మాటే అన్నావు. అది నీకెందుకు రాశానో రెండు రోజులుగా నన్ను నేనే అడుగుతున్నాను. ఆరేళ్ళుగా దాచుకున్న విషం కాగితం మీద పెట్టి నీ చేతికిచ్చాను. నువ్వు తీసుకెళ్ళి ఆయనకి తాగించావు.

నాకు చెప్పి తేలికపడ్డావేమో, అది చాలదు. చెప్పాల్సింది అమ్మకి. నోటితో, ఎదురుగా కూర్చుని. పరీక్షకి ముందు, తర్వాత కాదు. నేను ఫోన్లో చెప్పను. నలభై తొమ్మిదో రోజు దినం ఆదివారం పెట్టారు, నేను రావడం లేదు. నడుము కదలడం లేదని చెప్పాను. నిజం అది కాదు, నాన్న పటం ముందు కూర్చునే మొహం నాకు లేదు. పదిహేనో తారీకులోగా నువ్వు చెప్పకపోతే పాక్కుంటూ వచ్చైనా నేనే చెప్తాను.

"అది అలా అందా" అన్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో నాకు ఎప్పుడూ రాయకు.

చిజురు


కురొసె స్టేషను
మార్చి 13

అక్కా,

ఇవాళ పొద్దున చెప్పాను.

పిన్నిగారు ముల్లంగి తరుగుతున్నారు. ఎదురుగా కూర్చుని, నీకు రాసిందంతా ఒక్క ముక్క వదలకుండా చెప్పాను. నీ ఉత్తరం సంగతి కూడా. కత్తి పక్కన పెట్టి విన్నారు. నేను ఆపాక ఒక్కో మాటే అడిగారు.

"అయితే ఆయన మర్చిపోలేదా?"

"లేదండి."

"మంచు పిండి చూశారా?"

"చూశారండి. నాలుగింటికే."

"నీళ్ళు కారాయా?"

"కారాయండి. చక్రం మీద చెయ్యి కూడా వేశారు."

ఆవిడ నవ్వారు అక్కా. నవ్వుతూనే లేచి, పూజ అర దగ్గరికెళ్ళి, అగరుబత్తి కూడా వెలిగించకుండా బాబాయిగారి పటాన్ని రెండు చేతులతో పట్టుకున్నారు. "ఏమండీ, మీకేం మతి పోలేదట. నేను ఊరికే మిమ్మల్ని అనుమానించాను. ఆ నిచ్చెన నేనే బయట పెట్టానేమో, సూపులో ఉప్పు నేనే వేశానేమో" అన్నారు. అప్పుడు ఏడ్చారు. ఈ రెండు నెలల్లో ఆవిడ ఏడవడం అదే మొదటిసారి.

తర్వాత పెట్టె తెరిచి మంచి కిమోనో కట్టుకున్నారు. నన్ను వెనక రమ్మన్నారు. హోషినో వాళ్ళ గుమ్మంలో ఇవాళ కూడా వంగారు, కానీ తల నేలకి ఆనించలేదు. "మా వల మీ ఇంటిమీద పడింది, ఆ తప్పు మాదే. దానికి బతికున్నన్నాళ్ళూ వంగుతాను. కానీ మా ఆయనకి మతి పోయి కాదు. పిల్ల అడిగితే ఆగారు. తెలిసే ఆగారు" అన్నారు. బామ్మగారు పరుపు మీద నుంచే పిన్నిగారిని పేరు పెట్టి పిలిచి, "మంచిదే తోమె. నా కాలు మాత్రం రెండు విధాలా విరిగిందే" అన్నారు. నేను నేలమీద పడి దండం పెట్టాను. ఆవిడ మొహం తిప్పుకున్నారు. అక్కణ్ణుంచి వీధిలో పదకొండు ఇళ్ళు తిరిగాం. ప్రతి ఇంట్లోనూ పిన్నిగారు అదే చెప్పారు, ప్రతి ఇంట్లోనూ నేను వెనక నిలబడి తలూపాను. తర్వాత నేనొక్కదాన్నే పోలీసు చౌకీకీ, మేనేజరు ఇంటికీ వెళ్ళాను. మేనేజరు, "పోలీసులతో అబద్ధం చెప్పినదాన్ని నా పేరు మీద పరీక్షకి పంపలేను" అని టోపీ తీసుకున్నాడు. ఆయన్ని ఏమీ అనడానికి లేదు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి పిన్నిగారు నాకు అన్నం వడ్డించి పెట్టారు. ఎదురుగా కూర్చుని నేను తినేదాకా చూశారు. "నీ మీద నాకు కోపం రావాలి హిసాయె. ఇవాళ రావట్లేదు. ఆయన బుర్ర బాగానే ఉందన్న సంతోషంలో ఉన్నాను. రేపు లేవగానే వస్తుంది. వచ్చాక నేనేమంటానో, ఏం చేస్తానో నాకే తెలీదు. అంతలోగా వెళ్ళిపో" అన్నారు. సంచీ కూడా ఆవిడే సర్దారు.

నాలుగు గంటల రైలుకి టికెట్టు కొన్నాను. మా పెద్దమ్మ వాళ్ళ ఊరికి. వెయిటింగు గదిలో కూర్చుని నీకిది రాస్తున్నాను. రైలు వచ్చి రెండు నిమిషాలు ఆగి వెళ్ళిపోయింది. నేను ఎక్కలేదు.

ఆవిడ వెళ్ళమంటే సరేనని తలూపి వచ్చేశాను. నడిచేటప్పుడు ఎంత తేలిగ్గా ఉందో! ఆ తేలికే నాకు భయం వేసింది. రేపు పొద్దున ఆవిడకి కోపం వస్తుంది. ఆ ఇంట్లో ఆవిడ ఒక్కరే ఉంటారు. తిట్టడానికి ఎదురుగా మనిషి లేకపోతే ఆ కోపం మళ్ళీ తన మీదే తిప్పుకుంటారు, లేకపోతే బాబాయిగారి మీద. అది నాది అక్కా. నా మీదికే రావాలి.

టికెట్టు తిరిగిచ్చేశాను. వీలైతే నువ్వూ రా. నేను ఇంటికి వెళ్తున్నాను. లోపలికి రానివ్వకపోతే గుమ్మంలోనే కూర్చుంటాను, ఆవిడ లేచేదాకా.

హిసాయె